పట్టకారు గాట్లు

ఉదయం పది గంటలకి లైబ్రరీలో పేలిన తూటా జడ్జిగారికి తగల్లేదు. ఆయన చేతిలోని దినపత్రికలో క్రీడల పేజీకి చిల్లు పెట్టి, వెనకాల ఉన్న నిఘంటువులో దిగబడింది.

రెండో తూటా రావలసింది. రాలేదు. బీరువాల వెనక నుంచి ఇనుము టక్కుమంది. ఏదో చిన్న వస్తువు నేల మీద దొర్లింది. ఆ తర్వాత పరుగెత్తే అడుగులు. గార్డు వెళ్ళి చూసేసరికి వెనక తలుపు ఊగుతోంది, మనిషి లేడు. నేల మీద పేలని తూటా ఒకటి పడి ఉంది. దాని సీసపు ముక్కు ఒక పక్కకి నొక్కుకుపోయింది.

పన్నెండింటికల్లా ఆ తూటా డైరెక్టర్ టేబుల్ మీద, గాజుమూత కింద ఉంది. ఎదుటి కుర్చీలో ఏజెంట్ పదహారు. డిపార్ట్‌మెంటులో అతనికి వేరే పేరు లేదు. ఒకప్పుడు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసిన మనిషి.

"ఏం చెప్తావ్?" అన్నాడు డైరెక్టర్.

"పాయింట్ టూ టూ. రిమ్‌ఫైర్. తూటా అడుగున, అంచు మీద పిన్ను కొడితే పేలే రకం. పోటీల్లో వాడే టార్గెట్ పిస్తోలుది. చప్పుడు తక్కువ. మొదటిది పేలింది, రెండోది లోపలికి వెళ్ళకుండా ఇరుక్కుంది. లాగి పారేసి పారిపోయారు."

"జడ్జిగారు ఒక విదేశీ ముఠా మీద విచారణ చేస్తున్నారు. వచ్చే వారం రిపోర్టు ఇస్తారు. ఈ ఆదివారం షూటింగ్ క్లబ్బులో మ్యాచ్ ప్రారంభించాలి. వెళ్ళొద్దంటే వినడం లేదు."

"అక్కడ అందరి చేతుల్లోనూ పిస్తోళ్ళే కదా సార్."

"అందుకే అక్కడికే వస్తారు. ఈ మొరాయించే పిస్తోలుతో మాత్రం రారు. మ్యాచ్‌కి రిజిస్టర్ చేసిన పిస్తోలు మార్చడానికి గడువు నిన్నటితో అయిపోయింది. కాబట్టి దీన్నే బాగుచేయించుకోవాలి. ఊళ్ళో ఇలాంటివి బాగుచేసే షాపు ఒక్కటే. రేపట్నుంచి నువ్వు ఆ షాపు ముసలాయనకి అల్లుడివి."

పదహారు లేవబోయి ఆగాడు. "ఆ ముఠాలో మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

డైరెక్టర్ గాజుమూతని అనవసరంగా ఒకసారి సర్దాడు. "నీకు కావలసింది పిస్తోలు. మనుషుల సంగతి నాకొదిలెయ్."

అది జవాబు కాదని పదహారుకి తెలుసు. ఆ గదిలో జవాబులు దొరకవని కూడా తెలుసు.

* * *

షాపు ముసలాయన అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"మా తమ్ముడి కూతురి మొగుడివట. మా తమ్ముడు బ్రహ్మచారి. వాడికి కూతురు పుట్టడం, పెళ్ళి కావడం, మొగుడు నా షాపుకి రావడం, అన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. గవర్నమెంటు తలుచుకుంటే ఎంతసేపు! కూర్చో అల్లుడూ."

ఇరుకైన షాపు. ముందు గాజు పలకల కౌంటరు, వెనక పనిగది, ఆ గదిలోంచి గోడలోకి ఇసుక నింపిన పొడుగాటి గొట్టం. బాగుచేసిన పిస్తోలు అందులోకి పేల్చి చూసుకుంటారు. సామాన్లన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. ముసలాయన తీసిన వస్తువు చూడకుండానే తిరిగి అదే చోట పెట్టేవాడు.

"మీ పోలీసు తుపాకులు ఏం పెట్టినా మింగుతాయి," అన్నాడు, ఒక పిస్తోలు విప్పుతూ. "ఇవి మా ఆవిడ పుట్టింటివాళ్ళ లాంటివి. ప్రతిదానికీ వంక పెడతాయి. జామ్ అయిందంటే ముందు మ్యాగజైన్ చూడు, అదే తూటాలు పేర్చే డబ్బా. తూటాని పట్టుకునే ఆ పై అంచులు, పెదాలంటాం, అవి కాస్త వంగినా ముక్కు ఎటో చూస్తుంది. తర్వాత తూటా కూర్చునే గూడు, ఛాంబర్, దాన్లో మైనం, మసి. తర్వాత స్ప్రింగు నీరసం. ఆఖర్న తూటా బ్రాండు. వచ్చినవాడు మాత్రం బ్రాండునే ముందు తిడతాడు."

"మీరు చేసిన పని ఎప్పుడైనా తిరిగొచ్చిందా మామగారూ?"

ముసలాయన చెయ్యి ఆగింది. "నలభై ఏళ్ళు. నా చేతి పని తప్పయిందని ఒక్కడూ అనలేదు. అననివ్వను."

పదహారు కంటికి పెట్టుకున్న భూతద్దంలో ముందుకీ వెనక్కీ చూసే కెమెరా ఉంది. రెప్ప గట్టిగా మూస్తే ఫొటో పడుతుంది. గురువారం వచ్చిన పళ్ళ డాక్టరుకి ఏడు ఫొటోలు తీశాడు. ఆ మనిషి చెమటలు కక్కుతూ పదేపదే వీధిలోకి చూశాడు. మూడో తూటా దగ్గర ఇరుక్కుంటోందన్నాడు, గొంతు తగ్గించి. పదహారు చెయ్యి కౌంటరు కింద దాచిన రివాల్వర్ మీదికి వెళ్ళింది. ముసలాయన మ్యాగజైన్ బోర్లించి తట్టాడు. బిస్కెట్ పొడి రాలింది.

"డాక్టరుగారూ, దీనికి తూటాలు పెట్టాలండీ, టిఫిను కాదు."

"జేబులో వేశానండి. త్వరగా ఇస్తారా? బండి అడ్డంగా పెట్టొచ్చాను, ఎవరైనా ఎత్తుకెళ్తారు."

అతను వెళ్ళాక ముసలాయన అల్లుడి వంక జాలిగా చూశాడు. "నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారా, లేక ఇదేమైనా జబ్బా?"

* * *

శుక్రవారం పదకొండింటికి వాళ్ళిద్దరూ వచ్చారు.

ముందు ఆమె. నీలం స్కార్ఫు, పెద్ద నల్లకళ్ళద్దాలు. రెండేళ్ళుగా క్లబ్బు ఛాంపియన్. వీధిలో నడిచేవాళ్ళు అద్దంలోంచి ఒకసారి చూసి, మళ్ళీ ఒకసారి చూసి వెళ్ళే మనిషి. వెనకాల బూడిదరంగు చొక్కాలో నలభై ఏళ్ళవాడు. గోళ్ళు కురచగా, నీటుగా కత్తిరించి ఉన్నాయి.

"మా అన్నయ్య," అంది ఆమె, పిస్తోలు పెట్టె కౌంటరు మీద పెడుతూ. "మొదటిది వెళ్తుంది. రెండోది ఇరుక్కుంటుంది."

"ఎప్పుడూనా?" అడిగాడు పదహారు.

"అవసరమైనప్పుడు మాత్రం," అన్నాడు అన్నయ్య. గొంతు మెత్తగా ఉంది. "నేను కొంచెం అనుమానం మనిషిని. నాకొక్కటే తెలియాలి. తప్పు పిస్తోలుదా, చేతిదా?"

చెయ్యి అన్నప్పుడు అతను చెల్లెలి వంక చూడలేదు. ఆమె కూడా అతని వంక చూడలేదు. చూడకుండా ఉండటానికి ఇద్దరూ బాగా కష్టపడుతున్నారనిపించింది పదహారుకి.

వాళ్ళ మ్యాగజైన్, వాళ్ళ తూటాలే తీసుకుని లోపల గొట్టంలోకి కాల్చాడు. ఒకటి పేలింది. రెండోది ఇరుక్కుంది. లాగి చూశాడు. సీసపు ముక్కు ఒక పక్కకి నొక్కుకుపోయింది. డైరెక్టర్ టేబుల్ మీది తూటాకి ఎక్కడ నొక్కు పడిందో ఇక్కడా అక్కడే, అదే వాలు.

పిస్తోలు దొరికింది.

కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతివాచీ చూసుకుంది. "కాస్త త్వరగా కానివ్వండి. వాన పడేలోపు ఇంటికి చేరాలి."

బయట ఎండ మాడ్చేస్తోంది.

"వానేంటి చెల్లెమ్మా?" అన్నాడు అన్నయ్య.

"రేడియోలో చెప్పారన్నయ్యా."

పదహారు తలెత్తలేదు. అది డిపార్ట్‌మెంటు కోడ్‌వర్డ్. 'గొడుగు నాన్నగారి దగ్గరుంది' అని జవాబివ్వాలి. కాకపోతే అది పోయిన నెలది. నెల మారగానే కోడ్ మారిపోయింది. అయితే ఈమె నెల రోజులుగా మనవాళ్ళకి అందకుండా పోయిన మనిషైనా కావాలి, పాత కోడ్ సంపాదించి వల వేస్తున్న శత్రువైనా కావాలి.

భూతద్దం పెట్టుకుని మ్యాగజైన్ దీపం కిందికి తెచ్చాడు. ఒక పెదవి లోపలికి వంగింది. దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న గాట్లు, ఇంకా మెరుస్తున్నాయి. ఎవరో పట్టకారుతో వంచారు. అదీ ఎంత కొలతగా! మొదటి తూటా వెళ్ళాలి, రెండోది ఆగాలి.

ఇది ఆమె చేసిన పనైతే జడ్జిగారి ప్రాణం కాపాడింది ఆమే. ఆ ముక్క పైకి అంటే ఈ సాయంత్రానికి ఆమె ఉండదు. లేదా అన్నయ్యే గాట్లు పెట్టి తెచ్చి ఉండొచ్చు, షాపువాడు నిజం చెప్తాడా లేదా అని చూడటానికి. అప్పుడు అబద్ధం చెప్తే తను దొరికిపోతాడు. నిజం చెప్తే ఒక ప్రాణం, అబద్ధం చెప్తే ఇంకో ప్రాణం. ఎవరిదో తెలియడం లేదు.

"ఏమిటి, ఆగిపోయారు?" అన్నాడు అన్నయ్య. అతని కుడిచెయ్యి చొక్కా కిందికి జారింది.

"ఇలా తే," అంటూ పనిగదిలోంచి ముసలాయన వచ్చాడు.

"నేను చూస్తున్నాను కదా మామగారూ."

"నువ్వు పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నావు." మ్యాగజైన్ లాక్కుని, నుదుటి మీది కళ్ళజోడు దించుకుని దీపం కిందికి వంగాడు.

పదహారు ముసలాయనకి ఏమీ చెప్పలేదు. ఆయన ఇనుము గురించి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇప్పుడు 'ఎవడో పట్టకారుతో వంచాడు' అంటాడు, అంతే.

ముసలాయన చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళజోడు పైనుంచి ఆమెని చూశాడు. ఆమె స్కార్ఫు కొసని గుప్పిట్లో పెట్టి నలుపుతోంది.

"ఈ గాట్లు నావే," అన్నాడు ముసలాయన.

"మీవా?" అన్నాడు అన్నయ్య.

"క్లబ్బు పిస్తోళ్ళన్నీ నా దగ్గరికే వస్తాయి బాబూ. పోయినేడు ఇదీ వచ్చింది. పెదాలు వదులయ్యాయని నొక్కాను. అప్పుడు కళ్ళజోడు కొత్తది, అలవాటు కాలేదు. ఎక్కువ నొక్కేశాను."

"మొన్నటిదాకా బాగానే పనిచేసిందే?"

"స్ప్రింగు గట్టిగా ఉన్నన్నాళ్ళూ తూటాని తోసేస్తుంది. స్ప్రింగు నీరసపడ్డాక నా తప్పు బయటపడింది. అమ్మాయి చేతిలో ఏం లేదు. ముసలాడి చేతిలో ఉంది."

"ఏదీ, ఆ పట్టకారు?"

ముసలాయన సొరుగు లాగాడు. తడుముకోకుండా ఒక పట్టకారు తీసి, దాని పళ్ళు లేని దవడలు గాట్ల మీద ఆనించాడు. అన్నయ్య భూతద్దం అడిగి తీసుకుని వంగి చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. రెప్ప గట్టిగా మూసిన ప్రతిసారీ తన ఫొటో తనే తీసుకుంటున్నాడని అతనికి తెలియదు.

"సరిపోయింది," అన్నాడు చివరికి. చొక్కా కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది.

మరమ్మతు చేయమని చెప్పి, అన్నయ్య ఖాళీ పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు. గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్. పిస్తోలు మీద కదిలే స్లయిడ్ లాగి మళ్ళీ నొక్కాడు. టక్. టక్.

"అలా నొక్కకండి!" ముసలాయన కసిరాడు. "రిమ్‌ఫైర్‌ని తూటా లేకుండా కొడితే పిన్ను వెళ్ళి ఛాంబర్ అంచు మీద పడుతుంది."

"అలవాటు. నమ్మకం కుదిరేదాకా నొక్కి చూసుకుంటాను. గదిలో తూటా పేల్చలేను కదా."

పదహారు ఆ మాట పట్టుకున్నాడు.

"పిన్ను కూడా అరిగిపోయిందండీ. మార్చేస్తాం," అన్నాడు, పిస్తోలు తీసుకుని పనిగదిలోకి నడుస్తూ. ముసలాయన వెనకే వచ్చి సానరాయి మోటారు తిప్పాడు. ఆ రొదలో మాటలు బయటికి వినబడవు.

"ఎందుకు చెప్పారలా?"

"వంచిన చెయ్యి ఎవరిదో గాని, పని తెలిసిన చెయ్యి. రెండోది పేలకూడదనే వంచింది. ఆ పిల్ల ముఖం చూశాను. వాడి చెయ్యి ఎటు పోయిందో కూడా చూశాను." ముసలాయన ముక్కు ఎగబీల్చాడు. "నలభై ఏళ్ళ పేరు. ఒక్క నిమిషంలో పోయింది."

"పట్టకారు ఎలా సరిపోయింది?"

"సొరుగులో పదకొండున్నాయి. ఒకటైనా సరిపోకపోతే ఎందుకు, అమ్ముకోనా? ఏం చెయ్యాలో చెప్పు త్వరగా."

"ఈ పిన్ను కంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉన్నది కావాలి. తూటా ఉంటే ఇత్తడి అంచు దెబ్బ తింటుంది, బాగానే పేలుతుంది. తూటా లేకుండా నొక్కితే ప్రతి దెబ్బా ఛాంబర్ అంచు మీదే. ఇనుము లోపలికి పొంగుతుంది. ఆ తర్వాత తూటా పూర్తిగా దిగదు. దిగకపోతే ట్రిగ్గర్ పనిచెయ్యదు."

ముసలాయన అతన్ని కొత్తగా చూశాడు. "ఎన్నిసార్లు నొక్కితే?"

"అది మీరే చెప్పాలి."

"వందా? రెండొందలా? చెప్పలేను. వాడి అనుమానం ఎంతుంటే అంత."

పొడుగు పిన్ను వేశారు. పెదవిని సరిచేశారు, కొత్త స్ప్రింగు పెట్టారు. అన్నయ్య ఎదురుగా యాభై తూటాలు కాల్చారు. ఒక్కటీ ఆగలేదు.

"మీ తప్పు మీరే ఒప్పుకున్నారు. అరుదైన మనిషి మీరు," అన్నాడు అన్నయ్య. పెట్టె తనే అందుకున్నాడు. "మ్యాచ్‌కి ఇద్దరి పేర్లూ ఇచ్చాం, ఒకే పిస్తోలు మీద. ఆదివారం నేనే కాలుస్తాను. చెల్లెమ్మకి ఈమధ్య చెయ్యి వణుకుతోంది."

వాళ్ళు వెళ్ళాక పదహారు డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. "వాన పడుతుందన్న మనిషి మనదేనా సార్?"

"బతికే ఉందా?" అన్నాడు డైరెక్టర్. మొదటిసారి ఆ గొంతులో మనిషి వినిపించాడు. "ఐదు వారాలుగా కబురు లేదు. ఆ అన్నయ్యే ముఠాకి పెద్ద అని ఆఖరి కబురులో చెప్పింది. మొహం ఎలా ఉంటుందో మాకు తెలియదు."

"ఫొటోలు పంపిస్తున్నాను. మూడున్నాయి, ముక్కు దగ్గర్నుంచి. ఇప్పుడే పట్టుకుందామా?"

"దేనికి? లైసెన్సున్న పిస్తోలు బాగుచేయించుకున్నందుకా? నువ్వు చెప్పినదాన్ని బట్టి లైబ్రరీలో కాల్చింది ఆ అమ్మాయే. వాడు కాల్చబోతుండగా దొరకాలి." కాసేపాగి అన్నాడు. "నీ పిన్ను పనిచేస్తుందా?"

"తెలియదు సార్."

* * *

ఆదివారం పదకొండు. క్లబ్బు షూటింగ్ హాలు. షాపువాడి అల్లుడు ఆయుధాల తనిఖీ టేబుల్ దగ్గర కూర్చోవడం ఎవరికీ వింతగా తోచలేదు. నిబంధన ప్రకారం ప్రతి పిస్తోలూ ఖాళీగా, ఛాంబర్‌లో నారింజరంగు తాడుతో రావాలి. 'లోడ్' అన్న ఆర్డరు వినబడేదాకా తూటా దగ్గరికి రాకూడదు.

అన్నయ్య నవ్వుతూ పిస్తోలు అందించాడు. కళ్ళకింద నల్లగా ఉంది. నిద్రపోయినట్టు లేడు.

పదహారు తాడు పక్కకి జరిపి లోపలికి చూశాడు. ఛాంబర్ అంచున గసగసాల గింజంత మెరుపు. దెబ్బ పడింది. సరిపోయేంత పడిందా? తూటా పెట్టి చూస్తేగాని తెలియదు. పెట్టి చూడటానికి వీల్లేదు.

"బాగుందా?" అడిగాడు అన్నయ్య.

"నా చేతి పనేగా సార్." స్టిక్కరు అంటించి ఇచ్చాడు.

షూటర్ల వరసలో మొదటి చోట అన్నయ్య. అతని కుడిపక్క, పది అడుగుల దూరంలో గ్యాలరీ. అక్కడ ముందు కుర్చీలో జడ్జిగారు, కోటు కింద కవచంతో ఉబ్బిపోయి కూర్చున్నారు. ఇరవై పిస్తోళ్ళు ఒకేసారి పేలినప్పుడు ఇంకో చప్పుడు ఎవరికి వినబడుతుంది? అన్నయ్యకి సరిగ్గా వెనక, కోచ్ కుర్చీలో ఆమె, నీలం స్కార్ఫుతో. ఆమె పదహారు వైపు చూసింది. అతను టేబుల్ సర్దుతున్నట్టు వంగి, పక్కవాడితో అన్నట్టు పైకే అన్నాడు.

"గొడుగు నాన్నగారి దగ్గరుందండీ."

ఆమె కాళ్ళ దగ్గరున్న ఖాళీ పిస్తోలు పెట్టె మీద చెయ్యి వేసింది.

"లోడ్!" మైకులో జ్యూరీ మేడమ్ గొంతు.

ఇరవై మ్యాగజైన్లు క్లిక్కుమన్నాయి. ఇరవై స్లయిడ్లు ముందుకు దూకాయి. పంతొమ్మిది పూర్తిగా మూసుకున్నాయి.

"స్టార్ట్!"

హాలంతా పేలుళ్ళు. అన్నయ్య చెయ్యి లేచింది, టార్గెట్ వైపు ఆగకుండా కుడికి తిరిగింది. జడ్జిగారి గొంతు మీద, కవచం అయిపోయిన చోట, ఆగింది. ట్రిగ్గర్ నొక్కాడు.

ఏమీ కాలేదు.

ఎడమ అరచేత్తో స్లయిడ్ వెనక గట్టిగా చరిచాడు. అది కొద్దిగా ముందుకు జరిగింది. ఇంకొక్క దెబ్బ చాలు. పదహారు టేబుల్ దాటి పరుగెత్తాడు, పన్నెండు అడుగులు. అందుకోలేడని అతనికే తెలిసిపోయింది. అన్నయ్య రెండోసారి చరిచాడు. స్లయిడ్ పూర్తిగా మూసుకుంది.

అదే క్షణంలో ఇనుప పిస్తోలు పెట్టె గాలిలోకి లేచి అతని మణికట్టు మీద పడింది. తూటా పేలి పైకప్పులో దిగింది. పెట్టె రెండు చేతులా పట్టుకుని ఆమె నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు కింద పడిపోయాయి.

పదహారు వచ్చి మీద పడేసరికి అన్నయ్య మోకాళ్ళ మీద ఉన్నాడు. తలుపుల దగ్గరున్న నలుగురు ప్రేక్షకులు జేబుల్లోంచి సంకెళ్ళు తీశారు.

"బాగుచేశామన్నారు," అన్నాడు అన్నయ్య, మణికట్టు పట్టుకుని, పదహారు వంక చూస్తూ. "యాభై తూటాలు కాల్చి చూపించారు. ఎన్నిసార్లు నొక్కానో తెలుసా? మూడొందలు. ఒక్కసారి కూడా తేడా రాలేదు."

"తెలుసు సార్. ఇంకో వంద నొక్కి ఉంటే మాకు ఈ పరుగు కూడా తప్పేది."

ఆమె కోచ్ కుర్చీలో కూలబడింది. ఇప్పుడు నిజంగానే చెయ్యి వణుకుతోంది. జడ్జిగారు లేచి, తన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టారు.

"లైబ్రరీలో గురి తప్పింది నువ్వేనా తల్లీ?"

"క్షమించండి సార్. మీ పేపరు పాడుచేశాను."

అప్పుడు వచ్చింది జ్యూరీ మేడమ్, చేతిలో ఫారంతో. ముప్ఫై ఏళ్ళుగా ఆ మ్యాచ్ నడుపుతున్న మనిషి. సంకెళ్ళని గాని, పైకప్పులో చిల్లుని గాని పట్టించుకోలేదు. పిస్తోలు జామ్ అయితే జ్యూరీ పరీక్షించి కారణం రాయాలి, అది నిబంధన. ఆమె పిస్తోలు తీసుకుని ఖాళీ చేసింది. ఛాంబర్‌లోకి టార్చి వేసి, అంచు మీద తూటా లేకుండా నొక్కిన దెబ్బలు చూసింది. కలం తీసి, మొదటి చోటు అని రాసి, ఒక్క గడిలో గట్టిగా టిక్కు పెట్టింది.

"పిస్తోలు లోపం కాదు. షూటర్ తప్పు," అని పైకి చదివింది. తర్వాత సంకెళ్ళు పడ్డ అన్నయ్య వైపు తిరిగి, ఫారం ముందు పెట్టింది.

"మళ్ళీ కాల్చే అవకాశం ఇవ్వడం కుదరదు. అభ్యంతరం ఉంటే పది నిమిషాల్లో రాసివ్వండి. ఇక్కడ సంతకం పెట్టండి."